ఏకగ్రీవం వెనుక ఎన్ని గొంతులు?

జిల్లాలో ఏ రాజకీయ పక్షం మహాసభ జరిగినా మరునాటి వార్తలో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది. "జిల్లా కమిటీ ఏకగ్రీవంగా ఎన్నికయింది" అన్నదే ఆ వాక్యం. పక్షం మారుతుంది, జెండా రంగు మారుతుంది, కల్యాణ మండపం మారుతుంది. ఈ వాక్యం మాత్రం మారదు. నలభై ఏళ్లపాటు ఈ పట్టణంలో ముద్రణాలయం నడిపినవాణ్ణి కనుక ఆ ఏకగ్రీవం ఎలా తయారవుతుందో వార్త రాసే విలేకరికంటె కొంచెం ముందుగానే నాకు తెలుస్తూ వచ్చింది. మహాసభ ఆదివారమైతే, నూతన అధ్యక్షునికి శుభాకాంక్షలు తెలిపే కరపత్రం మేటరు శుక్రవారం సాయంత్రానికే నా బల్లమీదికి వచ్చేది. పేరు, ఫొటో బ్లాకు, పదవి అన్నీ ఉండేవి. ఎన్నిక ఒక్కటే మిగిలి ఉండేది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత గుర్తుకొచ్చినా, వచ్చిన గిరాకీని కాదనుకోలేక అచ్చువేసి ఇచ్చేవాణ్ణి.

ఇది పార్టీల ఇంటి వ్యవహారం, ఓటరుకేం పని అని చాలామంది అనుకుంటారు. పని ఉంది. మండల, జిల్లా పరిషత్తుల ప్రాదేశిక నియోజకవర్గాలకు, పురపాలక సంఘాలకు ఎన్నికలు పార్టీ గుర్తులమీద జరుగుతాయి. గుర్తు కావాలంటే బి ఫారం కావాలి. బి ఫారం ఎవరి చేతికి రావాలన్న చర్చలో పట్టణ కమిటీ, జిల్లా కమిటీ మాటకు ఎంతో కొంత విలువ ఉంటుంది. మనం వార్డు పోలింగు కేంద్రానికి వెళ్లేసరికి నాలుగు పేర్లు సిద్ధంగా ఉంటాయి. అందులో ఒకటి ఎంచుకుంటాం. ఆ నాలుగు పేర్లు అక్కడిదాకా ఏ దారిన వచ్చాయన్నది అంతకుముందే ఏదో ఒక మండపంలో, షామియానా కింద, భోజనాల వేళకు తేలిపోయి ఉంటుంది. ఆ తేలడంలో ఓటుకు చోటు ఎంత అన్నదే ఈ వ్యాసానికి విషయం.

ముందుగా మూజువాణీ ఓటు సంగతి చెప్పాలి. అధ్యక్షవర్గం వేదికమీద కూర్చుంటుంది. ఒకరు పేరు ప్రతిపాదిస్తారు, మరొకరు బలపరుస్తారు. అధ్యక్షుడు మూడు ప్రశ్నలు అడగాలి. అనుకూలురెవరు, వ్యతిరేకులెవరు, తటస్థులెవరు. శాసనసభలోనైతే మూజువాణీ ఫలితాన్ని సభ్యులు సవాలు చేసినప్పుడు సభను విభజించి లెక్క పెడతారు. పార్టీ సభలో జరిగేది వేరు. మొదటి ప్రశ్న అడగగానే చప్పట్లు మొదలవుతాయి. ఆ చప్పట్లు ఆగకముందే పూలదండ లేస్తుంది. దండ లేచిన తర్వాత రెండో ప్రశ్న అడిగితే శుభకార్యంలో తుమ్మినట్టే.

ఇది విన్నమాట కాదు. నేను ఒక పక్షంలో కొంతకాలం సభ్యుణ్ణిగా ఉన్నాను. పేరు చెప్పవలసిన అవసరం లేదు. ఏ పేరు పెట్టినా కథ సరిపోతుంది. పట్టణ మహాసభకు ప్రతినిధిగా వెళ్లి నాలుగో వరుసలో కూర్చున్నాను. ప్రతిపాదించిన పేరు నాకు, నా పక్కన కూర్చున్న మరో ఇద్దరు ముగ్గురికి సమ్మతం కాదు. వ్యతిరేకులెవరని అడిగినప్పుడు చెయ్యి ఎత్తాలని అనుకున్నాం. అడగనే లేదు. అడగని ప్రశ్నకు జవాబుగా చెయ్యెత్తితే మంచినీళ్లు కావాలేమో అనుకుని ఒక కార్యకర్త గ్లాసు తెచ్చి ఇచ్చాడు. మరునాడు మినిట్స్ పుస్తకం చూపించమని అడిగాను. "సభ్యులందరూ ఏకగ్రీవంగా" అని రాసి ఉంది. దాని కింద హాజరు పట్టీ అతికించి ఉంది. అందులో నా సంతకమూ ఉంది. సభకు వచ్చినందుకు పెట్టిన సంతకం తీర్మానానికి సమ్మతి అయి కూర్చుంది.

పట్టీలోనే అసలు ఎన్నిక

అయితే సభరోజు జరిగేది చివరి అంకం మాత్రమే. సభ్యత్వ పుస్తకాల దగ్గరే అసలు పోటీ మొదలవుతుంది. ఎవరు ఎన్ని పుస్తకాలు తీసుకువెళ్లారు, రుసుము ఎవరు కట్టారు, ఆ పేర్లున్న మనుషులు నిజంగా ఉన్నారా అన్నది తేలకుండా ప్రతినిధుల పట్టీ తేలదు. పట్టీ ఎవరి చేతిలో ఉందో సభ వారి చేతిలో ఉన్నట్టే. 2022లో కాంగ్రెస్ అఖిలభారత అధ్యక్ష పదవికి ఎన్నిక ప్రకటించినప్పుడు మొదటి వివాదం ఓటర్ల జాబితా మీదనే వచ్చింది. జాబితా బయటపెట్టమని శశి థరూర్, మరికొందరు ఎంపీలు అడిగారు. ప్రదేశ్ కాంగ్రెస్ కార్యాలయాలలో ఉంది, అభ్యర్థులు వచ్చి చూసుకోవచ్చునని ఎన్నికల విభాగం అధ్యక్షుడు మధుసూదన్ మిస్త్రీ జవాబిచ్చారు. అంత పెద్ద పార్టీలో, అంత పేరున్నవారికే పట్టీ చూడటం ఒక సమస్య అయితే, మండల స్థాయిలో ఒక మామూలు కార్యకర్త పట్టీ అడిగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

పట్టీ తర్వాత సంతకాలు. పోటీచేయాలంటే ఇంతమంది ప్రతినిధులు పేరు ప్రతిపాదించాలని దాదాపు ప్రతి పార్టీ నిబంధనావళిలోనూ ఉంటుంది. సరదాకు నామినేషన్ వేసేవారిని ఆపడానికి ఇది అవసరమే, కాదనను. కానీ రహస్య ఓటు వేసే హక్కున్న మనిషి, అంతకుముందు బహిరంగంగా సంతకం పెట్టవలసి వస్తే ఆ రహస్యానికి మిగిలే విలువ ఏమిటి? 2025 జూన్ 30న తెలంగాణ భారతీయ జనతా పార్టీ అధ్యక్ష పదవికి నామినేషన్ వేయడానికి వెళ్లిన గోషామహల్ శాసనసభ్యుడు రాజాసింగ్, పదిమంది సంతకాలు కావలసి ఉండగా తనకు మద్దతిచ్చినవారిని భయపెట్టారని ఆరోపించి పార్టీకి రాజీనామా లేఖ ఇచ్చారు. ఎన్. రామచందర్ రావు ఎన్నిక ఏకగ్రీవమైంది. ఆరోపణలో నిజమెంతో తేల్చడం నా పని కాదు. సంతకాల నిబంధన ఎక్కడ గట్టిగా తగులుతుందో చూపడానికే చెబుతున్నాను. ఆ పార్టీ 1980లో పుట్టిన నాటినుంచి అఖిలభారత అధ్యక్షుని ఎన్నిక ఒక్కసారీ ఓటింగు దాకా వెళ్లలేదు.

ప్రాంతీయ పార్టీలలో అంతకన్న తేలిక. 2021 అక్టోబరు 25న హైదరాబాదు ప్లీనరీలో కె. చంద్రశేఖరరావు తెలంగాణ రాష్ట్ర సమితి అధ్యక్షునిగా తొమ్మిదోసారి ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. 2025 మే నెలలో కడప మహానాడులో చంద్రబాబునాయుడు తెలుగుదేశం జాతీయాధ్యక్షునిగా పోటీ లేకుండానే ఎన్నికయ్యారు. 2022 జూలైలో గుంటూరు జిల్లాలో జరిగిన ప్లీనరీలో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ పార్టీ తన అధ్యక్షుణ్ణి జీవితకాలానికి ఎన్నుకున్నట్టు వార్తలు రాగా, శాశ్వత పదవి ప్రజాస్వామ్యానికి విరుద్ధమని కేంద్ర ఎన్నికల సంఘం అదే ఏడాది సెప్టెంబరులో స్పష్టం చేసింది. పార్టీ పెట్టినవారిమీద పోటీచేసేవారు లేకపోవడం సహజమే కావచ్చు. దానికి నేను తగవు పడను. కానీ పైన జరిగిందే మండల కమిటీ దాకా దిగివస్తుంది. అక్కడ పార్టీ పెట్టినవారెవరూ లేరు కదా.

ఇక కాంగ్రెస్ వారికి మరో అందమైన పద్ధతి ఉంది. దాని పేరు ఏకవాక్య తీర్మానం. ఎంపిక అధికారాన్ని అధిష్ఠానానికి అప్పగిస్తూ ఒకే వాక్యంలో తీర్మానించి సభ ముగిస్తారు. 2022 సెప్టెంబరులో, అధ్యక్ష ఎన్నికకు ముందు అనేక రాష్ట్రాల ప్రదేశ్ కాంగ్రెస్ కమిటీలు ఇటువంటి తీర్మానాలే చేశాయి. ఓటు హక్కును ఓటు ద్వారానే వదులుకోవడం అంటే ఇదే.

గీత పెట్టాలా, అంకె వేయాలా

చీటీ వేసే ఓటు వచ్చిందంటే అంతా సవ్యంగా జరిగిపోతుందని కూడా అనుకోవద్దు. అచ్చుపని చేసినవాడికి బ్యాలెట్ కాగితం ఎంత పెంకిదో తెలుసు. 2022 అక్టోబరు 17న కాంగ్రెస్ ప్రతినిధులు దేశమంతటా ఓటు వేశారు. హైదరాబాదు వారు గాంధీభవన్‌లో వేశారు. చీటీమీద మల్లికార్జున ఖర్గే వరుససంఖ్య ఒకటి, థరూర్ వరుససంఖ్య రెండు. తమకు నచ్చిన అభ్యర్థి ఎదుట "1" అంకె వేయాలని మొదట నిబంధన పెట్టారు. ఒకటి అంటే ఒకటో నంబరు అభ్యర్థి అని పొరబడరా అని థరూర్ వర్గం అడిగింది. న్యాయమైన ప్రశ్న. పోలింగుకు ముందురోజు అంకె బదులు టిక్కు గుర్తు పెట్టాలని మార్చారు. అన్ని రాష్ట్రాల చీటీలను కలగలిపి లెక్కించాలన్న నిర్ణయమూ మంచిదే. ఫలానా రాష్ట్రంనుంచి ఫలానావారికి ఎన్ని పడ్డాయో తెలియకపోతే తర్వాత వేధింపులుండవు.

ఫలితం ఇదీ. పోలైనవి 9,385. ఖర్గేకు 7,897, థరూర్‌కు 1,072. చెల్లనివి 416. ఓటు వేసినవారు రాజకీయాలలో తలపండినవారు, చీటీమీద ఉన్నవి రెండే పేర్లు, పెట్టవలసింది ఒక్క గుర్తు. అయినా నాలుగు వందల పైచిలుకు మురిగిపోయాయి. ముగ్గురో నలుగురో పోటీ చేసి ఉంటే వ్యవహారం ఇంకా చిక్కుగా ఉండేది. ఎందుకంటే ఇద్దరికి మించి పోటీలో ఉంటే కనీసం రెండు ప్రాధాన్యాలు రాయాలని, లేకపోతే ఓటు చెల్లదని ఆ పార్టీ నిబంధనావళి చెబుతుంది. పట్టభద్రుల మండలి ఎన్నికలలో 1, 2, 3 అంకెలు వేయడానికి చదువుకున్నవారే ఎలా తికమకపడతారో మనం చూస్తూనే ఉన్నాం.

అయినప్పటికీ ఆ 1,072 ఓట్లను నేను తక్కువగా చూడను. చెల్లిన ఓట్లలో నూటికి పన్నెండు. 2000లో సోనియా గాంధీమీద పోటీచేసిన జితేంద్ర ప్రసాదకు వచ్చినవి 94 మాత్రమే, ఆమెకు 7,448. పార్టీలో భిన్నాభిప్రాయం ఎంత ఉందో అంకెల్లో తెలియడం గెలిచినవారికి కూడా అవసరమైన సమాచారమే. మూజువాణీలో అది ఎప్పటికీ తెలియదు.

పదికి పది, లేదా ఆరు నాలుగు

అధ్యక్షుడు ఒక్కడే కాబట్టి లెక్క తేలిక. కమిటీ దగ్గరికి వచ్చేసరికి నిబంధన మారితే ఫలితమే తలకిందులవుతుంది. ఇది చాలామంది పట్టించుకోని విషయం కనుక కొంచెం ఓపిగ్గా చూద్దాం. సభలో నూరుమంది ప్రతినిధులు ఉన్నారనుకోండి. కమిటీలో స్థానాలు పది. ప్రతి ప్రతినిధికీ పది ఓట్లు, కానీ ఒక్కో అభ్యర్థికి ఒక్కటే వేయాలి. సభలో 58 మంది ఒక వర్గం, 42 మంది మరో వర్గం. మొదటి వర్గం వారు పది పేర్ల చీటీ జేబులో పెట్టుకుని వచ్చి అదే ప్రకారం వేస్తే వారి అభ్యర్థులలో ప్రతి ఒక్కరికీ 58 పడతాయి. రెండో వర్గంలో ప్రతి ఒక్కరికీ 42. పదికి పది స్థానాలూ మొదటివారివే. సభలో ఇంచుమించు సగమున్నవారికి కమిటీలో కుర్చీ లేదు.

అదే నూరుమంది చేత రాజ్యసభ పద్ధతిలో ప్రాధాన్య ఓటు వేయించండి. నూరును పదకొండుతో భాగించి, వచ్చిన తొమ్మిదికి ఒకటి కలిపితే పది. పది ఓట్లు వచ్చినవాడు గెలిచినట్టు. వర్గం ఓట్లు వర్గంలోనే బదిలీ అయితే, 58 మందికి ఐదు స్థానాలు నికరం, ఎనిమిది ఓట్లు మిగులు. 42 మందికి నాలుగు నికరం, రెండు మిగులు. మిగిలిన ఒక్క స్థానం మిగులు ఎక్కువున్నవారికి పోతుంది. ఆరు, నాలుగు. మనుషులు వారే, అభిప్రాయాలు అవే. చీటీ ఎలా వేయాలన్న ఒక్క నిబంధన మార్చాం.

ఇక్కడే మన తిరుపతి గుర్తుకు రావాలి. 1992 ఏప్రిల్‌లో కాంగ్రెస్ మహాసభ తిరుపతిలో జరిగింది. ఇరవై ఏళ్లుగా సంస్థాగత ఎన్నికలు లేని పార్టీలో పి.వి. నరసింహారావు అధ్యక్షునిగా ఉండగా అవి జరిగాయి. కార్యవర్గ సమితికి కూడా ఓటింగు పెట్టారు. అర్జున్ సింగ్, శరద్ పవార్ గెలిచారు. గెలిచినవారి పట్టీ చూస్తే దళితులు లేరు, గిరిజనులు లేరు, మహిళలు లేరు. ఆ లోటును కారణంగా చూపి గెలిచినవారి చేత పి.వి. రాజీనామాలు చేయించారు. తర్వాత సమితిని మళ్లీ కూర్చారు. ఆ ఇద్దరూ మళ్లీ వచ్చారు, అయితే ఎన్నికైనవారిగా కాదు, నియమితులైనవారిగా. ఇందులో చాణక్యం ఎంత, సామాజిక న్యాయం ఎంత అని ఈనాటికీ వాదించుకునేవారున్నారు. రెండూ ఉన్నాయన్నది నా అభిప్రాయం. కానీ లోటు నిజమైనదే. ఆ లోటు తీర్చడానికి ఎన్నికనే తుడిచివేయవలసిన పని లేదు. స్థానాలు ముందే కేటాయించి ఓటింగు జరిపితే సరిపోయేది. పంచాయతీలలో మనం చేస్తున్నది అదే.

కమ్యూనిస్టుల పద్ధతి వేరు. మార్క్సిస్టు పార్టీ నిబంధనావళి ప్రకారం దిగిపోతున్న కమిటీయే కొత్త కమిటీకి పేర్ల పట్టీ ప్రతిపాదిస్తుంది. ఏ పేరుమీదనైనా ఏ ప్రతినిధి అయినా అభ్యంతరం చెప్పవచ్చు, కొత్త పేరు చేర్చమనవచ్చు. అదనపు పేరు నిలిస్తే రహస్య ఓటు, లేకపోతే చేతులెత్తడం. చదవడానికి చక్కగా ఉంది. ఆచరణలో ఆ పట్టీ బరువే వేరు. 2025 ఏప్రిల్‌లో మధురై మహాసభలో మహారాష్ట్రకు చెందిన డి.ఎల్. కరాడ్ అదనపు పేరుగా కేంద్ర కమిటీకి పోటీచేస్తే 31 ఓట్లు వచ్చాయి. ఓడిపోతానని తెలిసే నిలబడి ఉంటారు. అయినా ఓటు జరిగింది, అంకె బయటికి వచ్చింది. 2018లో అదే పార్టీ హైదరాబాదు మహాసభలో కాంగ్రెస్‌తో సంబంధం ఎలా ఉండాలన్న తీర్మానంమీద కొందరు ప్రతినిధులు రహస్య ఓటు కావాలని పట్టుబట్టారు. చివరికి తీర్మానంలోని మాటలు సవరించి రాజీపడ్డారు. ఓటు జరగకుండానే ఓటు భయం పనిచేసిందన్నమాట. ఆ మాటకొస్తే ఓటు హక్కుకు అది కూడా ఒక ప్రయోజనమే.

ఓటు జరిగినంత మాత్రాన ఫలితం నిలుస్తుందన్న హామీ లేదని కూడా ఒప్పుకోవాలి. తెలుగువారు ఇది మరచిపోకూడదు, ఎందుకంటే ఓడినవాడు మనవాడు. 1939 జనవరిలో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి సుభాష్ చంద్రబోస్‌మీద మన భోగరాజు పట్టాభి సీతారామయ్య పోటీచేశారు. బోస్‌కు 1,580, పట్టాభికి 1,377. పట్టాభి ఓటమి తన ఓటమి అని గాంధీజీ ప్రకటించారు. మార్చిలో త్రిపురి మహాసభలో, గాంధీజీ అభీష్టం ప్రకారమే కార్యవర్గాన్ని నియమించాలని పంత్ తీర్మానం నెగ్గింది. ఏప్రిల్‌లో బోస్ రాజీనామా చేశారు. ఒక ఓటు ఇచ్చిన అధికారాన్ని మరో ఓటు కట్టివేసింది. పట్టాభి 1948లో పురుషోత్తమదాస్ టాండన్‌ను ఓడించి అధ్యక్షులయ్యారన్నది వేరే సంగతి.

చట్టం ఏం చేస్తోందని అడగవచ్చు. 1989లో అమల్లోకి వచ్చిన ప్రజాప్రాతినిధ్య చట్టం 29-ఎ విభాగం ప్రకారం పార్టీలు ఎన్నికల సంఘం దగ్గర నమోదు కావాలి. నిబంధనావళి దాఖలు చేయాలి. రాజ్యాంగానికి, ప్రజాస్వామ్యానికి కట్టుబడతామని అందులో రాయాలి. రాసినట్టు నడవకపోతే? ఒకసారి నమోదైన పార్టీని, మోసంతో నమోదు పొందడం వంటి అరుదైన సందర్భాలలో తప్ప, రద్దుచేసే అధికారం సంఘానికి లేదని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఢిల్లీ వైపు చూసి లాభం లేదు. నిబంధనావళి ప్రతి ఒకటి సంపాదించి చదువుకుని సభకు వెళ్లే ప్రతినిధి మీదనే భారమంతా.

అటువంటి ప్రతినిధులకు నేను పెద్ద కోరికలేవీ కోరను. సభకు వారం ముందు ప్రతినిధుల పట్టీని కార్యాలయం గోడకు అంటించమనండి. ఎన్నిక జరిపించే అధికారిగా పొరుగు జిల్లా మనిషిని అడగండి. వ్యతిరేకులెవరని రెండో ప్రశ్న అడిగేదాకా కూర్చోవద్దు. ఒక్కరు కోరినా చీటీలు పంచాలని నిబంధన పెట్టించండి. హాజరు పట్టీ వేరు, తీర్మానం కింద సంతకాలు వేరు అని మినిట్స్‌లో రాయించండి. ఖర్చు ఎక్కువవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. రెండు వందల మందికి బ్యాలెట్ చీటీలు అచ్చువేయడానికయ్యే డబ్బు, ఆనాటి సభలో వేసే పూలదండల డబ్బులో నాలుగో వంతు కూడా కాదు. ఈ ఒక్క లెక్కలో మాత్రం నేను నిపుణుణ్ణి.

నలభై ఏళ్లలో పార్టీ మహాసభకు బ్యాలెట్ చీటీలు అచ్చువేయమని నాకు ఒక్కసారే ఆర్డరు వచ్చింది. నాకు మంచినీళ్ల గ్లాసు అందిన ఆ పట్టణ మహాసభకే. ఇద్దరు పోటీలో ఉన్నారు. రెండు వందల నలభై చీటీలు, కౌంటర్‌ఫాయిళ్లతో సహా. నంబర్లు తప్పకూడదని రాత్రి పొద్దుపోయేదాకా నేనే ట్రెడిల్ దగ్గర నిలబడ్డాను. పదిన్నరకు మనిషి వచ్చి రాజీ కుదిరింది, ఇక అక్కరలేదని చెప్పి వెళ్లాడు. పోటీ మానుకున్నాయనను కార్యనిర్వాహక అధ్యక్షుణ్ణి చేశారు. చీటీల డబ్బు అడిగితే వాడనివాటికి డబ్బేమిటన్నారు. కాగితం మంచిది, వెనుకవైపు తెల్లగా ఉంది. ఏడాదిపాటు నా దుకాణం లెక్కలు వాటిమీదనే రాసుకున్నాను.